మాంసకృత్తుల ధాన్యం

నా ఉద్యోగం వడ్లు కొరకడం. పెళ్లిచూపుల్లో ఈ మాట మా నాన్న చెప్పలేదు. ధాన్య సేకరణ సంస్థలో నాణ్యతా పరీక్షకుడు అని మాత్రం చెప్పాడు. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ భ్రమరాంబ కాలవ గట్టు మీంచి పోతూ, ధాన్యం రాశి పక్కన గొంతుక్కూచుని గింజలు నములుతున్న నన్ను చూసింది. సాయంత్రం ఇంటికి రాగానే, "ఇంట్లో పెట్టే అన్నం మీకు చాలటం లేదా ఏవిటండీ?" అని అడిగింది. అప్పుడు చెప్పక తప్పలేదు.

రైతు ధాన్యం తెస్తే అది సరిగ్గా ఎండిందా లేదా అన్నది తేల్చాలి. దానికి మా ఆఫీసులో తేమ మిషను ఒకటి ఉంది. పొద్దున ఎండిందన్న రాశినే మధ్యాహ్నం పచ్చిగా ఉందంటుంది. అందుచేత దాన్ని మేమంతా పై అధికారిని గౌరవించినట్టు గౌరవిస్తాం కాని, నమ్మం. నమ్మేది నా దవడని. నాలుగు గింజలు అరచేతుల్లో నలిపి, పొట్టు ఊదేసి, దవడ పంటి కింద పెట్టి కొరుకుతాను. 'టప్'మని విరిగితే ఎండినట్టు. మెత్తగా అణిగితే "ఇంకా ఆరబెట్టండి" అంటాను. ఈ రెండు మాటలూ నా జీవితంలో నా పేరు కన్నా ఎక్కువసార్లు చెప్పి ఉంటాను. నా పేరు గుడిమెట్ల భీమేశ్వర్రావు. పేరుకు తగ్గ పొట్ట కూడా ఉంది. పగలంతా వడ్లు కొరికి, రాత్రికి అవే వడ్ల తాలూకు అన్నం కంచం నిండా కలుపుకునే మనిషికి పొట్ట రాక కిరీటం వస్తుందా!

ఇలా ఉండగా మా మేనేజరు వైకుంఠరావు గారు ఏదో ఆరోగ్య శిక్షణకని పట్నంలో పెద్ద హోటల్లో వారం రోజులుండి వచ్చారు. వెళ్లేటప్పుడు నిండుగా వెళ్లారు. వచ్చేటప్పుడు బెల్టుకు కొత్త చిల్లులతో, చేతిలో పెసల మొలకల డబ్బాతో వచ్చారు. రాగానే అందర్నీ హాల్లోకి పిలిచారు.

"ఈ దేశానికి పట్టిన అసలు పీడ ఏమిటి?" అన్నారు.

ఆఫీసులో ఇలాంటి ప్రశ్నలకు జవాబు తెలిసినా చెప్పకూడదు. నా పక్కన కూర్చున్న సీనియర్ అసిస్టెంటు అవధాని గారు మాత్రం "దోమలాండీ?" అన్నారు.

"అన్నం!" అన్నారు మేనేజరు గారు.

ఆయన వెనక గోడ మీద మా సంస్థ చిహ్నం ఉంది. బంగారు రంగు వరి కంకి. దాని కింద 'అన్నదాతకు అండగా' అని రాసి ఉంది. ఆయన దాని కిందే నిలబడి, అన్నం తినేవాడు ఎలా సోమరి అవుతాడో, సోమరి ఎలా రోగి అవుతాడో గంటసేపు చెప్పారు. మధ్య మధ్యలో డబ్బాలోంచి చిటికెడు మొలకలు తీసి నోట్లో వేసుకుని, "చూశారా, ఇవీ పెసలే. మొలకెత్తాయి కనుక పిండి తగ్గింది, మాంసకృత్తి పెరిగింది. మొలక అంటే సాక్షాత్తూ మాంసకృత్తి" అన్నారు. ప్రోటీన్ అనకుండా మాంసకృత్తి అంటే ప్రభుత్వ భాష అవుతుందని ఆయన నమ్మకం.

చివరకు ఆజ్ఞ చదివారు.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఏ ఉద్యోగియు పిండిపదార్థములను నోటియందు ప్రవేశపెట్టరాదు. తద్వారా ఏర్పడు లోటును మాంసకృత్తులతో భర్తీ చేయవలెను. ఒంటి బరువు కిలో ఒక్కింటికి గ్రాము చొప్పున దినసరి మాంసకృత్తి తప్పనిసరి. సదరు లక్ష్యమును అందరికంటె ముందుగా సాధించు వారికి మాంసకృత్తుల మాన్యుడు అను బిరుదు, శాలువా, జిల్లా కార్యాలయమందు ఫ్యాను కింద కుర్చీ."

బిరుదు, శాలువా అన్నప్పుడు నేను పెద్దగా వినలేదు. ఫ్యాను కింద కుర్చీ అన్నప్పుడు మాత్రం వెన్ను నిటారుగా అయింది. ఇన్నేళ్లుగా గట్ల మీద గొంతుక్కూచుని నా మోకాళ్లు అరిగిపోయాయి. ఆ కుర్చీలో కూర్చుని నేను ఫ్యాను కేసి చూస్తున్నట్టు అక్కడికక్కడే కల వచ్చేసింది.

మర్నాడు మా అందర్నీ ధాన్యం బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టి తూచారు. బస్తాకి గోతం తరుగు తీసేసినట్టే మాకు బట్టల తరుగు తీశారు. నాది తొంభై మూడు కిలోలు తేలింది. అంటే గుడ్డుకు ఆరు గ్రాముల మాంసకృత్తి లెక్కన రోజుకు పదిహేనున్నర కోడిగుడ్లు. అర గుడ్డు ఎవరు తినాలన్న సమస్య వచ్చింది. మేనేజరు గారు "ప్రజాహితం దృష్ట్యా పదహారు" అని తేల్చారు. అవధాని గారు నలభై ఎనిమిది కిలోల మనిషి. ఆయనకు అందులో సగమే. లావుగా ఉన్నవాడు ఎక్కువ తినాలి, సన్నగా ఉన్నవాడు తక్కువ తినాలి అని సర్కారు ముద్ర వేసి చెప్పిన ఆజ్ఞను నేను మొదటిసారి చూశాను. నా పొట్టకు ఇన్నాళ్లకు గుర్తింపు దొరికిందని పొంగిపోయాను.

అవధాని గారు లేచి నిలబడ్డారు. "అయ్యా, పేరులోనే మాంసం ఉన్నదాన్ని నేను ముట్టుకోనండీ. గుడ్డు మా ఇంటా వంటా లేదు."

"శాకాహారులకు పనీరు కలదు, సోయా కలదు" అన్నారు మేనేజరు గారు.

"పనీరు నాకు సరిపడదండీ, ఉబ్బసం. సోయా అంటే ఏవిటో మా వంటింటికి తెలీదు. మాకు ఉన్నది ముద్దపప్పొక్కటే. పప్పు మాంసకృత్తే కదండీ?"

మేనేజరు గారు తన శిక్షణ పుస్తకం తిరగేశారు. పప్పులో మాంసకృత్తి ఉంది. దానికి రెండు మూడింతలు పిండీ ఉంది. పప్పు మనవాడా, పగవాడా అన్నది ఆ పుస్తకంలో లేదు. శిక్షణ ఇచ్చినవాళ్లలో ఎవరూ పప్పన్నం తినే దేశం వాళ్లు కానట్టుంది.

"పప్పు విషయం పరిశీలనలో ఉన్నది. పై నుండి స్పష్టత వచ్చు వరకు పప్పు యథాతథ స్థితిలో ఉండును" అన్నారాయన.

"అంటే తినొచ్చాండీ?"

"వండుకొనవచ్చును. వడ్డించుకొనవచ్చును. తినుట అన్నది పై నుండి రావలెను."

పాపం అవధాని గారు ఆ రోజు నుంచి మధ్యాహ్నం క్యారేజీ విప్పి, ముద్దపప్పు పళ్లెంలో పెట్టుకుని, దానికేసి చూస్తూ వేరుశనక్కాయలు ఒలుచుకుని తినేవారు. పక్కన నేను గుడ్లు ఒలుచుకునేవాణ్ని. అంతకు ముందు మా భోజనాల బల్ల మీద ఒకరి గోంగూర ఇంకొకరి కంచంలోకి, ఒకరి చేపల పులుసు మరొకరి గిన్నెలోకి ప్రయాణం చేస్తుండేవి. ఇప్పుడు బల్ల మీద పెంకులూ, తొక్కలూ తప్ప ఏం లేవు. కూరలు మార్చుకోవడానికి అన్నం ఉండాలని, అది లేకపోతే మాటలు కూడా ఆగిపోతాయని మాకప్పుడే తెలిసింది.

మొదటి రెండు రోజులు బాగానే గడిచాయి. మూడోనాటికి కోడి ఎదురైతే తల దించుకుని తప్పుకోవడం మొదలెట్టాను. పదహారు గుడ్లలో సగం ఆఫీసులో, సగం ఇంట్లో.

"పొద్దున్నే గుడ్లు, రాత్రికి గుడ్లు. ఇంక మంచం మీద కదలకుండా కూర్చోండి. తెల్లారేసరికి ఏవైనా పొదుగుతారేమో చూద్దాం" అంది భ్రమరాంబ. అలా అంటూనే నా ఎదురుగా కూర్చుని, వేడన్నంలో అల్లప్పచ్చడి, నెయ్యి కలుపుకుంది. నేను ఆ కంచంకేసి చూడకుండా గోడ మీద క్యాలెండర్ చూశాను. అందులో కూడా ఎవరో అన్నప్రాశన చేస్తున్నారు.

"నా కుర్చీ కోసమే కదే" అన్నాను.

"కుర్చీ వచ్చేలోపల మనిషి ఉంటేనే కదండీ కూర్చోడానికి" అంది.

నా మీద నాకున్న నమ్మకం నాలుగో రోజున పోయింది. ఆ రోజు గట్టు మీద ఒక రాశిలో నాలుగు గింజలు తీసి కొరికాను. టప్‌మంది. తరవాత ఏమైందో, నా నాలుక వాటిని బయటికి పంపలేదు. లోపలికి పంపింది. పచ్చి బియ్యం తీపి గొంతులో దిగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. రాశి నడుమన ఇంకో నాలుగు తీశాను. అడుగున ఇంకో నాలుగు. నాలుగు మూలలా నాలుగేసి. ఆ రోజు నుంచి రాశికి గుప్పెడు గింజలు కొరికి మింగుతున్నాను. ఆ సీజనులో నా అంత నిక్కచ్చిగా పరీక్ష చేసే ఉద్యోగి డివిజను మొత్తం మీద లేడు. రైతులు కూడా "భీమేశ్వర్రావు గారైతే అడుగు దాకా సూత్తారండి, ఆయ్" అని చెప్పుకున్నారు. ఆ మెచ్చుకోలుకు నేను వినయంగా తల ఊపాను. నోరు నిండుగా ఉండి మాట్లాడలేకపోయాను.

కాటా మాత్రం మెచ్చుకోలేదు. అందరి బరువూ తగ్గుతోంది, నాది పెరుగుతోంది. మేనేజరు గారు నన్ను తన గదిలోకి పిలిచారు. చాలాసేపు నా దవడకేసి చూశారు.

"మీరు వృత్తిధర్మ రూపేణా పిండిపదార్థం సేవిస్తున్నారు" అన్నారు.

"నాలుగు గింజలేనండీ. ఉద్యోగం కదండీ."

"ఉద్యోగమా, ఉపాహారమా అన్నది తేల్చవలసి ఉన్నది."

తేల్చడానికి ఒక సంఘం వేశారు. సంఘంలో ఆయనే అధ్యక్షుడు, ఆయనే సభ్యుడు. రెండు గంటలు తర్జనభర్జన పడి, కొరుకుట విధి, మింగుట అపరాధం అని తీర్పు ఇచ్చారు. ఇక మీదట నేను కొరికిన ప్రతి గింజా ఉమ్మాలి. ఉమ్మినట్టు సాక్షి ఉండాలి. సాక్షి నా నోరు తెరిపించి లోపల చూడాలి. సాక్షి లేని చోట కొరకడమే నిషిద్ధం. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా విషయంలో నా తిండిపోతుతనానికి మందేశారు, ఊడింది రైతుల పని. కాని అప్పటికి ఆ సంగతి నాకు తట్టలేదు. రోజు లెక్క తప్పకుండా పూర్తి చేస్తున్నది ఆఫీసులో నేనొక్కణ్నే కనుక, నా కుర్చీ ఇంకా ఉందా లేదా అని మాత్రమే అడిగాను.

"నిబంధన పాటించిన పక్షంలో, ఉన్నది" అన్నారాయన. సోమవారం సన్మానం అని కూడా చెప్పారు.

సాక్షిగా అవధాని గారిని వేశారు. ఆయన గొడుగు ఒక చేత్తో, స్టీలు గిన్నె ఒక చేత్తో పట్టుకుని నా వెంట గట్లన్నీ తిరిగేవారు. నేను కొరకగానే గిన్నె చాపి "కానివ్వండి" అనేవారు. నేను ఉమ్మగానే "ఏదీ, ఆ అనండి" అనేవారు. నేను "ఆ" అనేవాణ్ని. ఆయన అద్దాలు సర్దుకుని లోపలికి తొంగి చూసి, "ఎడం దవడ పక్కన ఒక ముక్క ఉందండీ, క్షమించాలి" అనేవారు. ఇదేదో కొత్త పూజ అనుకుని గట్టు మీద కొందరు చెప్పులు విడిచి నిలబడేవారు.

సార్వా వరి కోతలు ముమ్మరంగా ఉన్నాయి. కాలవ గట్టు రోడ్డు పొడుగునా రాశులే. ఆ వరసలో చివరి రాశి వీరవేణిది. ఆమె మూడెకరాలు కౌలుకి చేస్తుంది. మొగుడు పోయాక ఆ పొలం ఆమే దున్నించి, ఊడ్పించి, కోయించుకుంది. ఆ రాశి అమ్మితేనే కౌలు కట్టాలి, కౌలు కడితేనే వచ్చే పంటకి ఆ పొలం దక్కాలి. వారం రోజులుగా వడ్లు కాళ్లతో దున్ని, తిరగేసి, ఆరబెట్టింది. రెండు సార్లు "ఇంకా ఆరబెట్టమ్మా" అని నేనే చెప్పి వచ్చాను.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె నుంచి కబురు వచ్చింది. నేను వెళ్లేసరికి ఆకాశం తూర్పున నల్లగా దిగింది. వాయుగుండం అని రేడియోలో చెబుతూనే ఉన్నారు.

"బాబుగారూ, ఈసారి బాగా ఎండిపోనాయండి. గలగలా అంటన్నాయి. ఒక్క గింజ కొరికి ఊఁ అనేయండి, లారీవోళ్లు అల్లదిగో, ఎత్తేసుకుంటామంటన్నారు" అంది వీరవేణి.

గింజలు చేతిలోకి తీసుకున్నాను. అరచేతిలో నలిపాను. పొట్టు ఊదాను. నోటి దాకా తెచ్చి ఆగిపోయాను.

"అవధాని గారు లేరమ్మా" అన్నాను.

"ఆరెందుకండీ? పళ్లు మీయే కదా!"

అవధాని గారు ఆ పొద్దున్నే జిల్లా ఆఫీసుకు వెళ్లారు. పప్పు మీద స్పష్టత తెచ్చుకోవడానికి. పప్పు కేసి చూస్తూ కూర్చోవడం ఇంక తన వల్ల కాదని, ఇటో అటో తేల్చుకు వస్తానని సెలవు పెట్టి వెళ్లారు.

మేనేజరు గారికి ఫోను చేశాను. వాన సంగతి చెప్పాను.

"సాక్షి లేని ఉమ్మి చెల్లదు" అన్నారు.

"పోనీ ఇక్కడున్న రైతులు చూస్తారండీ."

"లబ్ధిదారు సాక్షి కాజాలడు."

"చేత్తో నొక్కి చూసి చెప్పేస్తానండీ."

"చేతితో నొక్కుట విధానమందు లేదు. భీమేశ్వర్రావు గారూ, సోమవారం నాడు సన్మానం. గుర్తున్నది కదా?"

గుర్తుంది. అదే ఇబ్బంది. ఆ గింజ ఎండిందని నాకు వేళ్లతోనే తెలిసిపోయింది. కొరికితే ఎవరు చూడొచ్చారు? కాని మేనేజరు గారికి ఇప్పుడు తెలిసింది, నేను సాక్షి లేకుండా గట్టు మీద ఉన్నానని. ఫ్యాను నా కళ్ల ముందు గిర్రున తిరిగింది. గింజలు మళ్లీ రాశిలో వేసేశాను.

"రేపు పొద్దున్నే ఇద్దరం వస్తాం వీరవేణమ్మా. రాశి మీద బరకం పట్టా బాగా కప్పుకో" అన్నాను.

లారీ వెళ్లిపోయింది. ఆమె ఒక్కతీ బరకం చివర్లు లాగి రాళ్లు పెట్టుకుంటుంటే నేను కూడా ఒక రాయి పెట్టి వచ్చాను. అది కూడా ఎక్కడ మేనేజరు గారికి తెలుస్తుందో అన్నట్టు గబగబా వచ్చేశాను. నిజానికి పరిగెత్తాను.

ఆ సాయంత్రమే పట్టుకున్న వాన ఆదివారం దాకా వదల్లేదు. రోడ్డు మీద నీళ్లు పారాయి. బరకం పైనుంచి కాపాడుతుంది గాని, కిందనుంచి వచ్చే నీటిని ఏం చేస్తుంది? ఆ రెండు రోజులూ నా గుడ్లు నాకు దిగలేదు. భ్రమరాంబ నా ఎదుట అన్నం కలుపుకోవడం మానేసింది. "ఒక్క గింజ కొరకలేకపోయారా ఏవండీ?" అని ఒకే ఒక్కసారి అడిగింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. వడ్లు కొరకడమే తెలిసిన మనిషిని, కొరకాల్సిన రోజున కొరకలేదు.

సోమవారం పొద్దున్న ఎండ కాసింది. నేనూ, అవధాని గారూ గట్టుకి వెళ్లాం. ఆయన పప్పు విషయం జిల్లా వాళ్లకూ తేలక రాజధానికి పంపారని చెప్పుకుంటూ నడిచారు. నేను వినలేదు.

వీరవేణి బరకం తీసింది. రాశి నిండా తెల్లటి మొలకలు. గింజకు గింజ అల్లుకుపోయి, రాశంతా ఒక చాపలా ఎత్తితే లేచేలా ఉంది. చెయ్యి పెడితే లోపల వెచ్చగా తగిలింది. ఆమె ఏడవలేదు. అవధాని గారి చేతిలో గిన్నెకేసి చూసింది.

"సాక్షిగారొచ్చారాండి?" అంది.

అవధాని గారు గిన్నె వెనక్కి దాచుకున్నారు. నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. ఉన్న శరీరం దాక్కోడానికి వీలైనది కాదు.

అంతలో జీపు ఆగింది. వాన నష్టం పరిశీలనకని మేనేజరు గారు దిగారు. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో పెసల మొలకల డబ్బా. రాశిని చూసి పెదవి విరిచారు.

"మొలకెత్తిన ధాన్యం నిబంధనల రీత్యా తిరస్కరించవలసినదే. రైతు అజాగ్రత్త" అన్నారు. అని, డబ్బాలోంచి చిటికెడు మొలకలు తీసి నోట్లో వేసుకున్నారు.

నేను ఆయన నోటికేసి చూశాను. రాశికేసి చూశాను. మళ్లీ నోటికేసి చూశాను. నాకు తెలివితేటలున్నాయని ఇంతవరకూ ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు. ఆ క్షణాన మాత్రం వారాల తరబడి తిన్న గుడ్లన్నీ ఒక్కసారి తలకెక్కినట్టయింది.

"సార్, మొలకలు" అన్నాను.

"కనిపిస్తున్నాయి."

"మొలక అంటే సాక్షాత్తూ మాంసకృత్తి అని తమరే సెలవిచ్చారు కదా సార్."

ఆయన నమలడం ఆపారు.

"మొలకెత్తితే పిండి తగ్గి, మాంసకృత్తి పెరుగుతుందన్నారు. అలాగైతే ఇది ధాన్యం కాదు సార్. ధాన్యం రూపంలో ఉన్న మాంసకృత్తి. ఈ రాశిని మనం తిరస్కరిస్తే మాంసకృత్తిని తిరస్కరించినట్టు అవుతుందేమో సార్. పై వాళ్లు అడుగుతారేమో."

'పై వాళ్లు' అన్న మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆయన రాశి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగారు. ఇంతలో అవధాని గారు వంగి, నాలుగు మొలకలు తీసి, పొట్టుతో సహా నోట్లో వేసుకున్నారు. వారాలుగా వేరుశనక్కాయల మీద బతుకుతున్న ప్రాణి.

"పూర్తి శాకాహారం అండీ. ఉబ్బసం కూడా చేయదు" అన్నారు కళ్లు మూసుకుని.

మేనేజరు గారి ముఖం వెలిగిపోయింది. గొడుగు మడిచారు. గొంతు సవరించుకున్నారు.

"శాకాహార మాంసకృత్తి! దేశంలో ఇంతవరకు ఎవ్వరూ సేకరించని ధాన్యం! ఇందుమూలముగా మాంసకృత్తుల ధాన్యం అను కొత్త రకమును ప్రవేశపెట్టడమైనది. సదరు రకమును పూర్తి మద్దతు ధరకు, ప్రోత్సాహకంతో సహా, తక్షణమే సేకరించవలెను. ప్రతి ఉద్యోగియు దినమునకొక గిన్నెడు సేవించవలెను."

వీరవేణి నా పక్కకు వచ్చి, మెల్లిగా, "ఏటంటన్నారండి ఈరు?" అంది.

"నీ రాశి కొంటున్నారమ్మా."

"మొలకలొచ్చేసినయ్యాండి?"

"అవే."

"ఎందుకండీ?"

"అడక్కమ్మా. నీకు దణ్ణం పెడతాను, అడక్కు. లారీవాణ్ని పిలు."

ఆమె చెంగు బొడ్డులో దోపుకుని లారీ కోసం పరిగెత్తింది. సాయంత్రానికి రాశి ఎత్తేశారు. రెండు రోజులకు డబ్బు చేతికొచ్చి కౌలు కట్టేసిందని, పొలం నిలిచిందని తెలిశాక ఆ రాత్రి మొదటిసారి నాకు కంటి మీద కునుకు పట్టింది.

సన్మానం కూడా జరిగింది. శాలువా కప్పారు. మాంసకృత్తుల మాన్యుడు అన్నారు. కుర్చీ మాత్రం రాలేదు. మాంసకృత్తుల ధాన్యాన్ని కనిపెట్టిన మనిషిని గట్టు మీంచి కదపడం దేశానికి నష్టమని మేనేజరు గారు సభలో ప్రకటించారు. మొలక ఎంత పొడుగు వచ్చిందో, ఎంత మెత్తగా ఉందో కొరికి తేల్చాల్సింది నేనే. నియమం కూడా మార్చారు. ఇది మాంసకృత్తి కనుక ఇక ఉమ్మడం అపరాధం, మింగడం విధి. అవధాని గారు ఇప్పటికీ నా నోరు తెరిపించి చూస్తారు, మింగానా లేదా అని. తడిసి మొలకెత్తిన పచ్చి వడ్లు పొట్టుతో నమిలితే ఎలా ఉంటుందో నేను చెప్పను. మా పక్కింటి గేదె నన్ను ఈ మధ్య తన మనిషిలా చూస్తోంది.

మరుసటి వారం గట్టు మీదికి వెళ్లాను. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. పచ్చటి ఎండ. రోడ్డు పొడుగునా బిందెలు, బకెట్లు, గొట్టాలు. కాలవలో మోటార్లు పెట్టారు. ఊరి జనమంతా తమ రాశుల మీద నీళ్లు పోస్తున్నారు. ఆడవాళ్లు చెంబులతో చల్లుతున్నారు, మగవాళ్లు పారలతో తిరగేస్తున్నారు. మధ్యలో వీరవేణి నిలబడి, "అడుక్కి దిగేలా పొయ్యండి, పైపైన తడిపితే మొలక రాదు" అని అందరికీ చెబుతోంది.

నన్ను చూడగానే చెయ్యెత్తి పిలిచింది. "బాబుగారూ, ఇది మా మరిది రాశండి. నిన్న సాయంత్రమే తెచ్చాడు. ఓసారి కొరికి సెప్పండి."

వంగి నాలుగు గింజలు తీసుకున్నాను. నలిపాను. ఊదాను. దవడ కింద పెట్టి కొరికాను. టప్‌మంది. నా సర్వీసులో అంత బాగా ఎండిన గింజ ఎప్పుడూ నా పంటి కిందికి రాలేదు. ఎన్నో ఏళ్లుగా ఇలాంటి గింజ కోసమే ఈ గట్టు మీద జనాన్ని సతాయించాను.

జనమంతా బిందెలు దించి నా దవడకేసి చూస్తున్నారు. అవధాని గారు "ఆ అనండి" అన్నారు. మింగి, నోరు తెరిచి చూపించాను. ఆ తెరిచిన నోటితోనే, కళ్లు రోడ్డు కేసి దించుకుని, చెప్పాను:

"ఇంకా కాస్త తడపండి."